ఆపత్కాలపు కొనుగోళ్లు

మొన్న మేము వట్లూరునకు పోయినపుడు అచ్చటి రైతుపెద్ద యొకరు మమ్మొక ప్రశ్న యడిగిరి. వారికి వరిచేను కొంత, రొయ్యల చెఱువు కొంత కలవు. నూఱు కౌంటు రొయ్యకు భీమవరములో నేటి ధర యెంత, కైకలూరులో నెంత అను సంగతి తెల్లవాఱునప్పటికే తమ చేతి ఫోనులోనికి వచ్చి చేరుననియు, రెండుచోట్లకు పది రూపాయల తేడా యున్నచో కొనవచ్చినవానిని గట్టుమీదనే నిలదీయుదుమనియు వారు చెప్పిరి. తన రొయ్య ధర తనకింత చక్కగా తెలియుచుండగా, కరోనానాడు తన పన్నుతో సర్కారువారు కొన్న వస్తువు ధర తనకేల తెలియలేదని వారి ప్రశ్న. దానికి సూటియైన సమాధానము మాకప్పుడు తోచలేదు. ఇంటికి వచ్చి పాత కాగితములు తిరుగవేసిన పిమ్మట ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మన రాష్ట్రమున జరిగిన సంగతితోనే మొదలిడుదుము. 2020 ఏప్రిల్ 17వ తేదీన దక్షిణ కొరియానుండి లక్ష రాపిడ్ పరీక్షా కిట్లు ప్రత్యేక విమానములో వచ్చి దిగినవి. నాటి ముఖ్యమంత్రి శ్రీ జగన్మోహనరెడ్డి వానిని స్వయముగా ప్రారంభించిరి. దేశమంతట పరీక్షలకు కిట్లు కఱవై, రాష్ట్రములన్నియు చేతులు చాచి నిలుచున్న దినములవి. ముందుచూపుతో తెప్పించినారని మెచ్చుకొన్నవారు పెక్కురు. ఆ మెచ్చుకోలు ముగియకమునుపే ధర మాట బయటపడెను. మన రాష్ట్రము కిట్టొక్కింటికి 730 రూపాయలకు ఒప్పుకొన్నది. అదే సమయమున ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము, అదే కొరియా కంపెనీకి మన దేశమునగల శాఖనుండి 75 వేల కిట్లను, పన్నుగాక 337 రూపాయల చొప్పున కొనుచున్నదని అచ్చటి ఆరోగ్యమంత్రి శ్రీ టి. ఎస్. సింగ్‌దేవ్ బహిరంగముగా ప్రకటించిరి. పైపైన చూచినను తేడా 393 రూపాయలు. లక్ష కిట్లకు 3 కోట్ల 93 లక్షలు.

ప్రతిపక్షములవారు అవినీతి యనిరి. ప్రభుత్వమువారు కాదనిరి. తాము ఆర్డరిచ్చునాటికి ఆ కిట్లు దేశమున దొరకలేదనియు, విదేశమునుండి తెప్పింపక తప్పలేదనియు, దేశమున మఱెవ్వరికైన తక్కువ ధరకు అమ్మినచో తామును ఆ తక్కువ ధరయే యిత్తుమను షరతు ఆర్డరులోనే వ్రాసియున్నామనియు ఆరోగ్యశాఖ అధికారులు సమాధానమిచ్చిరి. ఆ షరతు ప్రకారము తక్కువ ధరకే చెల్లింతుమని చెప్పిరి. ఎవరి పక్షమున న్యాయమున్నదని తీర్పు చెప్పుటకు మేము కూర్చుండలేదు. అట్టి షరతు వ్రాసిన అధికారి యెవరైనను బుద్ధిమంతుడనియే మా యభిప్రాయము. కాని పాఠకులొక్క సంగతి గమనింపవలెను. ఆ షరతు కాగితముమీద నున్నంత మాత్రమున ఖజానాకు రూపాయి మిగులదు. ఛత్తీస్‌గఢ్ వారెంతకు కొన్నారో తెలిసిననాడు గదా ఆ షరతునకు ప్రాణము వచ్చుట! ఆ మంత్రిగారు తమ గొప్ప చెప్పుకొనదలచి ధర ప్రకటింపకయుండినచో, మన షరతు బీరువాలో నిదురించుచుండెడిది. ఒక రాష్ట్రపు ధర ఇంకొక రాష్ట్రపు ఖజానాను కాపాడినది. అదియును ఎవరో కాపాడవలెనని పూనుకొని కాపాడినది గాదు.

ఇట్టిదే మఱియొకటి. ఆ దినములలోనే భారత వైద్య పరిశోధనా మండలివారు చైనానుండి 5 లక్షల రాపిడ్ కిట్లను, కిట్టొక్కింటికి 600 రూపాయల చొప్పున తెప్పించుటకు ఆర్డరిచ్చిరి. ఆ కిట్టు మన దేశమునకు దిగునప్పటి ఖరీదు, విమానపు కూలితో గూడ, 245 రూపాయలు మాత్రమే. ఈ రహస్యమును వెలికి తీసినవారెవరు? శాసనసభ్యులా? ఆడిటర్లా? పత్రికలవారమని చెప్పుకొనుటకును వీలులేదు. దిగుమతిదారునకును పంపకందారునకును డబ్బు దగ్గఱ తగవు వచ్చి వారు ఢిల్లీ హైకోర్టు కెక్కిరి. తగవులో లెక్కలు బయటపడినవి. 2020 ఏప్రిల్ 24న న్యాయమూర్తి ఆ ధరను పన్నుతో కలిపి 400కు మించరాదని కట్టడి చేసిరి. మూడు దినములకు ఆ కిట్లు సరిగా పనిచేయుటలేదని మండలివారే వానిని తిప్పి పంపవలసినదని రాష్ట్రములకు వ్రాసిరి. వర్తకులిద్దఱు సఖ్యముగా నుండినచో దేశమునకు ఈ సంగతి తెలియుటకు వేఱు మార్గమేది?

ఆపత్కాలములో ధర్మము వేఱు, ఇల్లు కాలుచుండగా బిందె బేరమాడుదురా అని కొందఱనవచ్చును. నిజమే. బేరమాడరాదు. ఈ మాటను ఏలూరివారికి మేము క్రొత్తగ చెప్పనక్కఱలేదు. 2020 డిసెంబరు 5వ తేదీ మొదలుకొని ఆ పట్టణమున నడుచుచున్నవారు నడుచుచునే మూర్ఛవచ్చి కూలిపోయిరి. కొలది దినములలో ఆఱువందలకు మించి ఆసుపత్రి చేరిరి. కరోనాయే యింకను తీఱలేదు, దానిమీద నిదియొకటి. ఢిల్లీ ఎయిమ్స్ వారు రక్తములో సీసము, నికెలు కనబడినవనిరి. హైదరాబాదు పోషకాహార సంస్థవారు, నాగపూరు నీరీవారు నీటిని, కూరగాయలను, బియ్యమును పట్టుకొనిపోయి పరీక్షించిరి. కడకు పురుగుమందుల అవశేషములే ముఖ్యకారణము కావచ్చునని తేల్చిరేగాని అవి యేదారిని కడుపులోనికి పోయినవో నికరముగ తేలలేదు. అట్టి రాత్రి ఆసుపత్రి సూపరింటెండెంటు మందుసీసాకు మూడు కొటేషన్లు పిలిచి కూర్చుండినచో జనులు అతనిని రాళ్లతో కొట్టియుందురు. టెండరు మానుటకు ఆపద తగిన కారణమే.

కాని లెక్క దాచుటకు ఆపద యేవిధముగ కారణమగును? టెండరు పిలుచుట వస్తువు రాకముందటి పని. దానికి ముప్పది దినములో, నలువది దినములో పట్టును. ప్రాణము పోవుచున్న రోగి అంతకాలము ఆగలేడు. కొన్న వస్తువేది, ఎంతకు, ఎవరివద్ద అని ప్రకటించుట వస్తువు వచ్చిన తరువాతి పని. దానివలన ఒక్క మాస్కైనను ఒక్క గడియ ఆలస్యము కాదు. పైగా ఆ లెక్క క్రొత్తగా వ్రాయవలసినదియు గాదు. కొనుగోలు ఉత్తర్వు లేనిదే అంగడివాడు సరకు పంపడు. బిల్లు లేనిదే ఖజానా డబ్బు చెల్లింపదు. మన రాష్ట్రమున 2018 మొదలుకొని బిల్లులన్నియు సీఎఫ్ఎంఎస్ అను కంప్యూటరు పద్ధతిలోనే నడుచుచున్నవి. ఉన్న కాగితమును బల్లమీద పెట్టుమనుచున్నామేగాని లేని కాగితమును పుట్టింపుమనుటలేదు.

ఇచ్చట నొక విచిత్రము కలదు. టెండర్లను కంప్యూటరునకెక్కించుటలో ఉమ్మడి ఆంధ్రప్రదేశమే 2003లో దేశమునకు దారిచూపినది. నేడు వట్లూరులో కూర్చుండి, ఏ ఊరి కాలువకు ఎంత అంచనాతో పని పిలిచినారో ఎవరైనను చూడవచ్చును. మంచిదే. కాని ఆ ద్వారమున కనబడునది టెండరు. టెండరే పిలువనిచోట చూచుటకేముండును? నామినేషను పద్ధతిని చేతిలో పెట్టిన కొనుగోలుకు ఆ ద్వారమే లేదు. అనగా ఏ కొనుగోలులో పోటీ యున్నదో దానిని మనము పదిసార్లు చూడగలము. ఏ కొనుగోలులో పోటీ లేదో, ఎక్కడ దృష్టి మఱింత కావలెనో, అచ్చట చీకటి. కాలువపనికి దీపము పెట్టి, కోట్లతో కొన్న కిట్లకు తెర దించినాము. ఈ తలక్రిందుల యేర్పాటును సరిదిద్దుటయే మేము కోరునది.

లెక్కలు చేతికి వచ్చినంతమాత్రమున నిజము చేతికి వచ్చినట్లు గాదని కూడ చెప్పవలసియున్నది. ఈ సంగతి పట్టణవాసులకంటె మన రైతులే త్వరగా గ్రహింతురు. రొయ్య కిలో ఎంత యనినచో ఏ కౌంటు అని ముందడుగుదురు. ముప్పది కౌంటు ధరకును నూఱు కౌంటు ధరకును పొంతన యుండదు. ధాన్యము డెబ్బదియైదు కిలోల బస్తా ధర చెప్పినచో తేమ యెంత అందురు. పదునేడు శాతమునకు మించినచో ధర వేఱు. ప్రభుత్వపు కొనుగోలును అట్లే చదువవలెను. పీపీఈ కిట్టు అనునది ఒక వస్తువు గాదు; గౌను, కండ్లద్దములు, చేతితొడుగులు, కాలితొడుగులు, మాస్కు కలిసిన మూట. ఒకరి మూటలో ఐదున్నవి, ఒకరి మూటలో మూడే యున్నవి. పరీక్షా కిట్లను ఒకరు విడిగా, ఒకరు పెట్టెలెక్కన వ్రాయుదురు. ఒకరు పన్ను కలిపి, ఒకరు కలుపక వ్రాయుదురు. మేము పైన చెప్పిన 393 రూపాయలలోను పన్ను సంగతి, దూరపు కూలి సంగతి తేల్చి చూడలేదు. అవి తేల్చినచో తేడా తగ్గవచ్చును, పోదు. అన్నిటికంటె ముఖ్యము తేదీ. కఱవు ముదిరిన 2020 ఏప్రిల్ ధరను, మన దేశపు కర్మాగారములే మూటలు గుట్టలు పోసిన సెప్టెంబరు ధరతో పోల్చి అధికారిని దొంగ యనుట అన్యాయము. అదే వారమున, అదే వస్తువును, ఇరుగుపొరుగువారు ఎంతకు కొన్నారన్నదే న్యాయమైన ప్రశ్న.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున ఉద్యోగులు రాజధనము నపహరించు మార్గములు నలువది యని లెక్కించెను. ఆ జాబితాలో ధర తేడా, కొలత తేడా, నెలల దినముల తేడా వేర్వేఱుగ చెప్పబడియున్నవి. రెండువేల యేండ్లనాటి ఆ గ్రంథకర్తకు తెలిసిన సూక్ష్మము నేటి మన ఫారములలో లేదు. వస్తువు పేరొకటి, మొత్తము రూపాయలొకటి వ్రాసి చాలించుదురు. యూనిట్ ధర లేని లెక్క లెక్కయే గాదు.

కేరళలో నడచిన కథ ఈ పోలిక యెట్లు చేయవలెనో చూపుచున్నది. అచ్చటి వైద్యసేవల కార్పొరేషనువారు 2020 మార్చి చివర 550 రూపాయలకు పీపీఈ కిట్లు కొని, రెండు దినముల తరువాత వేఱొకరివద్ద 1,550కి కొనిరని కంప్ట్రోలరు, ఆడిటరు జనరలు తమ నివేదికలో ఎత్తిచూపిరి. తక్కువ ధరకు ఇత్తుమన్నవారుండగా హెచ్చు ధరకు కొనుటవలన 10 కోట్ల 23 లక్షలు అదనముగా వ్యయమైనదని లెక్కకట్టిరి. ఆనాటి అత్యవసరమే కారణమని ప్రభుత్వమువారు సమాధానమిచ్చిరి. దినము లెక్కన, యూనిట్ లెక్కన ధర పెట్టి చూచుటచేతనే ఈ తేడా చిక్కినది. బాగు. కాని ఆ నివేదిక శాసనసభ ముందుకు వచ్చునప్పటికి సంవత్సరము 2025. నడుమ ఐదేండ్లు! కర్ణాటకములోను 2023లో న్యాయమూర్తి డికున్హాగారిని విచారణకు నియమించిరి. అప్పటికి ప్రభుత్వమే మాఱినది. ఇవి శవపరీక్షలు. శవపరీక్షవలన మరణకారణము తెలియును, మరణము తప్పదు. మాల్ వచ్చిన వారములోపల ఆ రెండు ధరలును ఒకే జాబితాలో ప్రక్కప్రక్కన ప్రకటితమై యుండినచో, మూడవ ఆర్డరుపై సంతకము పెట్టువాని చేయి కొంచెము ఆగియుండెడిది గదా!

మనలనేలి పోయిన ఇంగ్లండులో ఏమి జరిగెనో కూడ చూతము. వారి కంపెనీ మనకు నేర్పిన కంట్రాక్టు విద్యలు వారింట పనికిరాకపోవుటెట్లు? 2020 జూలై కడపటికి కరోనాపేర అచ్చటి ప్రభుత్వము 18 వందల కోట్ల పౌండ్ల కంట్రాక్టులిచ్చినది. మంత్రులు, పార్లమెంటు సభ్యులు, పెద్ద యుద్యోగులు సిఫారసు చేసినవారికి వేఱొక వరుస యేర్పఱచిరి. ఆ వరుసలో నిలిచినవారిలో పదిమందికొకరికి కంట్రాక్టు దొరకినది. మామూలు వరుసలో నూటికొకరికైనను దొరకలేదు. ఈ సంఖ్యలు చెప్పినది ప్రతిపక్షము గాదు, వారి జాతీయ ఆడిట్ కార్యాలయమే; అదియు ఆ సంవత్సరము నవంబరులోనే. కంట్రాక్టు వ్రాసికొన్న ముప్పది దినములలో దానిని ప్రకటింపవలెనను నియమము అచ్చట కలదు. ప్రకటింపలేదని కొందఱు కోర్టుకుపోగా, 2021 ఫిబ్రవరి 19న హైకోర్టు న్యాయమూర్తి ఆరోగ్యమంత్రి చట్టమును మీఱినాడని తీర్పు చెప్పిరి. యుక్రెయినువారు ఇంకను ముందుకు పోయిరి. కరోనా వస్తువులకు టెండరు అక్కఱలేదనిరి. కాని కొన్నది కొన్నట్లు యూనిట్ ధరతో సహా ప్రొజోరో అను తమ బహిరంగ పుస్తకములో ఎక్కింపవలెననిరి. వేగమును వెలుతురును ఒకే బండికి కట్టవచ్చునని దీనివలన తేలుచున్నది. ఇంగ్లండులో తప్పు జరుగకపోలేదు. జరిగిన తప్పు చట్టమునకు చిక్కినది. మనకు అట్టి ముప్పది దినముల నియమము లేదు గనుక, ప్రకటింపనివాడు తప్పుచేసినవాడును గాడు.

ధరయొక్కటే చాలునా? చాలదు. 2020 ఏప్రిలులో నర్సీపట్నము ప్రాంతీయాసుపత్రిలో మత్తుమందు వైద్యుడొకరు, తమకు మాస్కులు చాలకున్నవని బహిరంగముగా చెప్పి సస్పెండైరి. మాస్కులు ఉన్నవని ప్రభుత్వము, లేవని వైద్యుడు. తరువాత ఆయన కథ ఎన్ని మలుపులు తిరిగినదో మన పాఠకులకు జ్ఞాపకముండును. అది తలచుకొన్న మనసు కలుక్కుమనును. ఆనాడు రాష్ట్రము కొన్న మాస్కులెన్ని, అందు ఆ ఆసుపత్రికి చేరినవెన్ని, ఏ తేదీన అను ఒక్క పంక్తి ప్రజలముందుండినచో ఆ వివాదము అరగంటలో తీఱియుండెడిది. వైద్యుడు పొరబడినచో తలవంచుకొనును, సర్కారు పొరబడినచో మాస్కులు పంపును. లెక్క దాచినందువలన సంఖ్యతో తీఱవలసిన తగవు మనుష్యునిమీద పడినది. దాచిన లెక్క నిజాయితీగల యధికారికిని శత్రువే. తక్కువ ధరకు కొని, షరతు వ్రాసి, రాత్రింబవళ్లు సరకు తెప్పించిన వానిని, పది శాతము మింగినవానిని జనులు ఒకే కంటితో చూచుట తెరచాటుతనమువలననే.

ఇక మా వట్లూరు మిత్రునివంటివారు చేయదగిన పని. 2005 నాటి సమాచార హక్కు చట్టము నాల్గవ సెక్షను, ఎవరడిగినను అడుగకున్నను ప్రతి కార్యాలయము తన బడ్జెట్టును, చేసిన చెల్లింపులను తానుగా ప్రకటింపవలెనని శాసించుచున్నది. అది జరుగనిచోట అడుగవలెను. మన రాష్ట్రమున గ్రామస్థాయి కార్యాలయమున కైతే దరఖాస్తుకు రుసుమే లేదు. మండలమున 5 రూపాయలు. ఆపైన 10 రూపాయలు. ముప్పది దినములలో బదులియ్యవలెను. వ్యాపార రహస్యమని యెనిమిదవ సెక్షను చూపి త్రోసివేయవచ్చును. ప్రజాహితము హెచ్చైనచో రహస్యమును ఇయ్యవలెనని ఆ సెక్షనే చెప్పుచున్నదని అప్పీలులో బదులు చెప్పవలెను. అమ్మకము ముగిసి, డబ్బు చెల్లిన వస్తువు ధరలో నేటికి మిగిలిన రహస్యమేమున్నది?

అన్ని తలుపులును ఈ తాళపుచెవికి తెఱచుకొనవని కూడ మేమెఱుగుదుము. పీఎం కేర్స్ నిధినుండి 2020 మేలో 50 వేల వెంటిలేటర్లకు 2 వేల కోట్ల రూపాయలు కేటాయించిరి. ఆ నిధి ప్రభుత్వ నిధి కాదనియు, సమాచార హక్కు చట్టమునకు లోబడదనియు 2021 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టున ప్రమాణపత్రము వేసిరి. పేరు ప్రధానమంత్రిది, ముద్ర ప్రభుత్వముది, లెక్క మాత్రము ట్రస్టుది. ఇట్టి వాదమును మన రాష్ట్రపు కార్పొరేషన్లు నేర్చుకొనకుండ చూచుకొనవలసిన బాధ్యత శాసనసభ్యులది. టెండరు లేకుండ కొన్న ప్రతి వస్తువునకును ఏడు దినములలోపల లెక్క ప్రకటింపనిచో రెండవ బిల్లు ఖజానాలో పాసు కారాదను ఒక్క నిబంధన చాలును. శిక్షలు, విచారణ సంఘములు తరువాతి మాట. బిల్లు ఆగునన్న భయము ముందు ఏ భయమును నిలువదని కచేరీలెఱిగినవారందఱకు తెలియును.

రైతుపెద్దగారు మా మాట విని యూరకుండలేదు. ఒక అరఠావు కాగితము తీసి, తానే గీతలు గీసి గళ్లు చేసిరి: వస్తువు పేరును రకమును, ఒక్కొక్కటి ధర, పన్ను కలిసినదా కాలేదా, ఎన్ని, ఎవరివద్ద, ఆర్డరు తేదీ, సరకు చేరిన తేదీ, ఏ ఆసుపత్రికి. 2020 ఏప్రిల్ మొదలు డిసెంబరు వఱకు జిల్లాలో టెండరు లేకుండ కొన్న వస్తువులకు ఈ గళ్లు నింపి యియ్యవలసినదని దరఖాస్తు వ్రాసి, పది రూపాయల రుసుముతో ఏలూరు పంపిరి. నకలొకటి మాయొద్ద నున్నది. ముప్పది దినముల గడువు నడుచుచున్నది.